మతియాస్ కుడికాలు, నా సంతకం

మెల్‌బోర్న్ పశ్చిమాన ఒక వృత్తి ఫుట్‌బాల్ క్లబ్‌లో హెడ్ ఫిజియోథెరపిస్టుగా పదకొండు సీజన్లు పనిచేశాను. ఈ సంగతి నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జనవరిలో జరిగింది. క్లబ్‌లో కోచ్ మాటకు తిరుగులేదు, ఒక్క విషయంలో తప్ప. గాయపడిన ఆటగాడు మళ్లీ మైదానంలోకి దిగాలంటే క్లియరెన్స్ కాగితం మీద నా సంతకం పడాలి. ఆ సంతకం దగ్గర నేను కాస్త పెంకివాణ్ణని అందరికీ తెలుసు.

మతియాస్‌ది పరాగ్వే. ఇరవై ఏళ్లవాడు. అక్కడి క్లబ్ అతణ్ణి ఒక ఏడాది ఆడమని మా దగ్గరికి పంపింది; దీన్నే లోన్ అంటారు. కుడి అంచున బంతి తీసుకుని కదిలాడంటే ఎదుటి డిఫెండర్లకు చుక్కలు కనిపించేవి. ఎక్కడికి వెళ్లినా చంకలో చన్నీళ్ల ఫ్లాస్కు, చేతిలో ఆవుకొమ్ముతో చేసిన గ్లాసు. అందులో ఏదో ఆకుపొడి వేసి, నీళ్లు పోసి, లోహపు గొట్టంతో పీల్చేవాడు. దాని పేరు తెరెరే. వాళ్ల ఊళ్లో చుట్టూ కూర్చున్నవాళ్లంతా అదే గొట్టంతో తాగుతారట. రోజూ నా ముందుకూ చాపేవాడు, నేను రోజూ వద్దనేవాణ్ణి. ఒకరి సీసాలో ఇంకొకరు తాగకూడదని డ్రెస్సింగ్ రూమ్‌లో నోటీసు అంటించింది నేనే. అది లేకపోయినా తాగేవాణ్ణి కాదు. ఎంగిలి పట్టింపు తెనాలి నుంచి నాతోపాటే విమానమెక్కి వచ్చింది.

డిసెంబర్ చివర్లో అతని కుడితొడ వెనక కండరం చిరిగింది. నాలుగు వారాలయ్యాక ఒక గురువారం పరీక్ష పెట్టాం. శనివారం మ్యాచ్‌కు జపాన్ క్లబ్ ఒకటి తన మనుషుల్ని పంపుతోంది, ప్రత్యేకించి అతణ్ణి చూడటానికే. వాళ్లకు నచ్చితే అతని దశ తిరిగినట్టే. తొందరపడి ఆడి కండరం మళ్లీ చిరిగితే మాత్రం సీజన్ అక్కడితో సరి, ఇంటికి తిరుగు ప్రయాణం కట్టాలి.

పరీక్ష చూడటానికి సులువే. ఆటగాడు బోర్లా పడుకుంటాడు, మడమకు పట్టీ వేస్తాం, మోకాలు మడుస్తూ దాన్ని శక్తికొద్దీ లాగాలి. ఒక్కో కాలు ఎంత బలంగా లాగిందో యంత్రం చెబుతుంది. సీజన్‌కు ముందు శిక్షణ, అంటే ప్రీ-సీజన్, మొదలైన రోజే అందరికీ ఈ కొలత తీసి దాచుకుంటాం, గాయమైనప్పుడు పోల్చుకోవడానికి.

యంత్రం చూసేది సింధు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా వీధిలోనే పెరిగిన తెలుగమ్మాయి, మా స్పోర్ట్స్ సైంటిస్టు. తెర చూసి, “అంకుల్, రెండు లెగ్సూ ఈక్వల్. రైట్ అయితే ప్రీ-సీజన్ కన్నా బెటర్ కూడా. యూ కెన్ సైన్” అంది.

ఆ ‘బెటర్’ దగ్గరే నాకు అనుమానం వచ్చింది. నాలుగు వారాల కిందట చిరిగిన కండరం, చిరగక ముందుకన్నా బలంగా ఉండటం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. పైగా కుడికాలితో లాగుతున్నప్పుడు నుదుటి నిండా చెమట పట్టింది. ఎడమకాలి వంతు వచ్చేసరికి మొహంలో శ్రమ అన్నదే లేదు. నంబర్లు బాగున్నాయి కదా మేట్, ఇంకేం కావాలని కోచ్ అడిగాడు. సాయంత్రంలోగా చెబుతానన్నాను.

మతియాస్‌ను నా గదిలో కూర్చోబెట్టి అడిగాను. నొప్పి లేదు, బాగానే ఉందన్నాడు. ఎలా అడిగినా అదే జవాబు. విసుగొచ్చి ఊరుకున్నాను. అతను అలవాటు కొద్దీ కొమ్ము గ్లాసు చాపాడు. ఎందుకో తెలియదు, అందుకుని తాగాను. చల్లటి కషాయంలా ఉంది. నా మొహం చూసి నవ్వాడు. గ్లాసు మళ్లీ నింపుతూ, తల ఎత్తకుండానే అసలు సంగతి చెప్పాడు.

వాళ్ల అకాడమీలో పెద్ద ఆటగాళ్లు కొత్తవాళ్లకు మొదట నేర్పే విద్య ఇదేనట. మొదటి రోజు పరీక్షలో సగం బలమే చూపించు, రేపు గాయమైతే ఆ సగాన్ని త్వరగా అందుకోవచ్చు. ఎందుకంటే పక్క మంచం మీద పడుకునేవాడు నీ జెర్సీ కోసమే కాచుకుని ఉంటాడు. మతియాస్ ఇక్కడా అదే చేశాడు. ఇవాళ ఎడమకాలినీ కుడికాలికి సరిపోయేలా బలం తగ్గించే లాగాడు. ఇందులో నా తప్పూ ఉంది. ఆ కొలత ఎందుకో నేను అతనికి ఎన్నడూ చెప్పలేదు, ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకున్నానంతే.

మళ్లీ పరీక్ష చేశాం. ఈసారి ఎడమకాలు అసలు బలంతో లాగింది. కుడికాలు దానికి చాలా కిందనే ఆగిపోయింది. నేను సంతకం పెట్టలేదు. మతియాస్ ఏడ్చాడు. నాకూ చాలా బాధేసింది. శనివారం జపాన్ వాళ్లు వచ్చి, మ్యాచ్ చూసి, వెళ్లిపోయారు. కోచ్ వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

మరో మూడు వారాలకు మతియాస్ మైదానంలోకి దిగాడు. సీజన్ చివరిదాకా ఒక్క మ్యాచ్ వదల్లేదు. జపాన్ వాళ్లు మళ్లీ రాలేదు కానీ, మా క్లబ్ అతని లోన్‌ను ఇంకో ఏడాది పొడిగించింది. నా నిర్ణయం సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

నేను మార్చుకున్నది పద్ధతిని. మరుసటి సీజన్ నుంచి ఆ కొలతను మొదటి రోజు తీయడం మానేసి మూడో వారానికి జరిపాను. అప్పటికి కొత్తవాళ్లకు మా పేర్లు తెలిసి ఉంటాయి. ఆ అంకె ఎవరు చూస్తారో, దేనికి వాడతారో ఒక్కొక్కరికీ నేనే కూర్చుని చెప్పేవాణ్ణి. ఆ ఏడు మతియాస్ లాగిన లాగుడు చూసి సింధు మెషీన్‌ను రెండుసార్లు రీసెట్ చేసింది. మెషీన్‌లో ఏ లోపమూ లేదు.