మేఘ పంపుకు నేను కోసిన ముక్కు

మా ఇంట్లో ఒక ఏడాది, నిమజ్జనం చేసిన వినాయకుడు గంట తిరక్కుండా వెనక్కి వచ్చి కార్పెట్ మీద కూర్చున్నాడు. ఆయన్ని పిలిచింది నేనే. ఎలా పిలిచానో చెప్తాను. మీరు ఎంతైనా నవ్వుకోండి గానీ మా అల్లుడు కిరణ్ ఎదుట మాత్రం నవ్వకండి. ఆయనకి ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ పాదాలు చల్లబడతాయట.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, అమెరికాలో ఈ ఆష్‌బర్న్ ఊళ్ళోనే. మనవరాలు మేఘ చిన్నప్పుడు ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్నదంతా ఇంటికొచ్చి నాకు నేర్పేది, తర్వాత ఇంగ్లీషు అక్షరాలూ నేర్పింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా చదువొచ్చిన అమ్మమ్మ నోరు మూయదు. పచ్చడి సీసా మీది కాగితం మొదలు గోడకున్న క్యాలెండర్ దాకా అన్నీ చదివేదాన్ని, చదివిన ప్రతిదానికీ ఒక సవరణ చెప్పేదాన్ని. అక్షరాలతో పాటు ఇంజనీరింగ్ కూడా వచ్చేసిందని నా నమ్మకం.

మేఘ ఎనిమిదో తరగతిలో ఉండగా చవితి వచ్చింది. బయట వాన. అందుకని బేస్‌మెంట్‌లో చిన్నపిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ తొట్టి పెట్టి, నీళ్ళు పోసి, మట్టి వినాయకుణ్ణి అందులోనే సాగనంపాం. పూజ అయింది, పులిహోర అయింది, స్వామి మెత్తగా కరిగిపోయాడు. ఆ బురదనీళ్ళు బయటికి తోడాలి.

"నేను తోడతాను. నా పంపు టెస్ట్ చేయాలి కదా," అంది మేఘ.

ఆ పంపు సోమవారం స్కూల్లో చూపించాలి. పని చేయకపోతే సైన్స్ టీమ్‌లో చోటు ఉండదు. పిల్ల వారం రోజులుగా అన్నం కూడా పైపులు చూస్తూ తింటోంది.

"మోటార్ ఏదే?" అన్నాను.

"మోటార్ లేదు అమ్మమ్మా. కరెంట్ లేదు. జస్ట్ వాటర్."

"నీళ్ళతో నీళ్ళు తోడతావా? అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు?"

"చూడు. ట్యాప్ వాటర్ ఈ చిన్న నాజిల్‌లోంచి స్పీడ్‌గా వెళ్తుంది. ఆ స్పీడ్‌కి పక్క పైపులో ఉన్న డర్టీ వాటర్‌ని లాక్కుని పోతుంది. రెండూ కలిసి కిటికీలోంచి బయటికి."

అర్థమైంది. ఎర్రబస్సు జోరుగా పోతే రోడ్డు మీది దుమ్మంతా దాని వెనకే లేచి పోతుంది. అంతే కదా.

"కానీ టీచర్ టూ మెనీ పార్ట్స్ అన్నారు. సింపుల్ చేయాలట. ఏది తీసేయాలో నాకు తెలియట్లేదు," అని మేఘ నిట్టూర్చి, స్నానానికి పైకి వెళ్ళింది.

పిల్ల నిట్టూరిస్తే నేను తట్టుకోలేను. కళ్ళజోడు పెట్టుకుని పంపు ముందు చతికిలబడ్డాను. అన్ని పైపులూ శుభ్రంగా బొటనవేలు పట్టేంత ఉన్నాయి. మధ్యలో ఈ నాజిల్ ఒక్కటే, చీమకి ముక్కు పెట్టినట్టు, ఇంత సన్నం. దారికి అడ్డం. మా ఊళ్ళో కుళాయికి ధార సన్నగా వస్తే ఏం చేసేవాళ్ళం? మూతికున్న జల్లెడ ఊడదీసి అవతల పారేసేవాళ్ళం. బిందె ఇట్టే నిండేది. నీళ్ళు ఎక్కువ పోతే ఎక్కువ లాగుతాయి. బస్సు పెద్దదైతే దుమ్ము పెద్దదే.

నాజిల్ ఊడదీసి కొంగున ముడేసుకున్నాను. పైపులు మళ్ళీ బిగించి, బట్టల మెషీన్ పక్కనున్న కుళాయి తిప్పాను.

గుడగుడమని శబ్దం. గర్వంతో నా కళ్ళు చెమర్చాయి.

తొట్టిలో నీళ్ళు తగ్గలేదు. పెరిగాయి.

పాలు కూడా దించేముందు పొంగుతాయిగా అనుకుని, కుళాయి ఇంకొంచెం తిప్పాను. చూడండి, అక్కడ ఆపినా పరువు దక్కేది.

ధార కిటికీ ఎక్కడం మానేసి, పల్లం దొరికిందని పక్క పైపులోంచి నేరుగా తొట్టిలోకి దిగుతోంది. తొట్టి నిండింది, వంగింది, పొంగింది. వినాయకుడు, పత్రి, పసుపు, ఒక అరటితొక్క ఊరేగింపుగా బయల్దేరి కార్పెట్ మీదుగా మూలగది తలుపు కిందకి దూరాయి. ఆ గదిలో పండగపూట కూడా మీటింగ్‌లో ఉన్నాడు అల్లుడు.

లోపలినుంచి ఆయన గొంతు వినిపించింది. "సారీ గైస్, వన్ మినిట్. ఐ హావ్ ఎ గణేశా ఇష్యూ."

తలుపు తీశాడు. సాక్స్ మీద గరిక అంటుకుని ఉంది.

"అత్తయ్యగారూ, ఏం చేస్తున్నారు?"

"సింపుల్ చేస్తున్నాను బాబూ."

"ముందు కుళాయి కట్టేయండి."

తడిజుట్టుతో మేఘ పరుగెత్తుకొచ్చింది. "హూ టచ్డ్ మై పంప్?" నేను కొంగుముడి విప్పాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను పంపును బాగుచేయబోతే వినాయకుడు మళ్ళీ ఇంట్లోకొచ్చాడు, కోతి మాత్రం నేనయ్యాను.

పిల్ల ఏడుస్తుందని భయపడ్డాను. అది నాజిల్ చేతిలోకి తీసుకుని, కార్పెట్ వంక, తొట్టి వంక మార్చిమార్చి చూసింది.

"అమ్మమ్మా, ఇది తీస్తే పంపే లేదు. అంటే మిగతావన్నీ తీయొచ్చేమో."

ఆ సాయంత్రం మేము కార్పెట్ తుడుస్తుంటే అది ఒక్కొక్క ముక్కా తీస్తూ, కుళాయి తిప్పుతూ కూర్చుంది. అక్కర్లేని వంపులు పోయాయి, వాల్వులు పోయాయి. చివరికి ఇంగ్లీషు టీ అక్షరంలా ఉన్న ఒక పైపు, లోపల ఆ చీమముక్కు మిగిలాయి. తొట్టి చుక్క లేకుండా ఖాళీ అయింది.

సోమవారం స్కూల్‌కి మేమందరం వెళ్ళాం. బల్ల మీద మేఘ రెండు పంపులు పెట్టింది. ఒకటి నాజిల్ ఉన్నది, ఒకటి లేనిది. లేనిదాని కింద ఇంగ్లీషులో ఒక అట్ట. నేను కూడబలుక్కుని చదువుకున్నాను: అమ్మమ్మ మోడల్.

ఈ ముక్క తీయకూడదని నీకెలా తెలిసిందని టీచర్ అడిగింది.

"మా అమ్మమ్మ టెస్ట్ చేసింది," అంది మేఘ, నా చెయ్యి పైకెత్తి పట్టుకుని. టీమ్‌లో చోటు దొరికింది. అల్లుడు కూడా చప్పట్లు కొట్టాడు, కొత్త సాక్స్‌లో.

ఇప్పుడు మేఘ కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతోంది. ప్రతి చవితికీ వచ్చి నిమజ్జనం చేస్తుంది. అప్పుడు మాత్రం నన్ను బేస్‌మెంట్ మెట్ల దగ్గరే ఆపేసి, తీర్థం అక్కడికే తెచ్చిస్తారు. అందుకని నేర్చుకున్న అక్షరాల సాక్షిగా, కార్పెట్ మీద ఇప్పటికీ పోని ఆ పసుపు మరక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ పైపులోంచీ ఏ ముక్కా తీయను. కాకపోతే, వంటింటి కుళాయి నీళ్ళు ఈమధ్య మరీ సన్నగా వస్తున్నాయి. అల్లుడు ఇంట్లో లేనప్పుడు ఒక్కసారి చూస్తే తప్పేముంది? చూడటమేగా.