యాదగిరి పహిల్వాన్ తాలీం మట్టి

యాదగిరి పహిల్వాన్ బొల్లారంలో ఒకణ్ణి ఎత్తి విసిరితే, వాడు పటాన్‌చెరు బస్టాండులో లేచి, టికెట్టు కొనుక్కుని తిరిగొచ్చాడు. నేను చూశాను. అప్పటికి నేను పుట్టనే లేదని గిట్టనివాళ్లు అంటారు. తొమ్మిదో తరగతిలోనే బడిని వదిలేసిన నాకు అబద్ధాలాడే అవసరమేముంది?

ఆయన పోయాక ఇంటి ముందుగదిలోని తాలీం, అంటే కుస్తీలు పట్టే ఎర్రమట్టి గుంట, భార్య మొగులమ్మకు మిగిలింది. ఆ మట్టిని రోజూ తిరగతవ్వకపోతే రాయవుతుంది. ఆడవాళ్లు అందులో కాలు పెట్టకూడదు. శిష్యులేమో మందుల కంపెనీల షిఫ్టుల్లో పడ్డారు. పాపం, మట్టి మెత్తబడుతుందని ఆమె గడప మీద నిలబడి మజ్జిగ, నూనె చిలకరించేది. తవ్వకుండా తడిపేసరికి మట్టి ఇంకా బిగుసుకుంది.

"నాగులపంచమికి వస్తం పెద్దమ్మా. మట్టి మంచిగుంటే తాలీం మళ్ల నడిపిద్దాం. లేకుంటే ఇగ బంద్ జేద్దాం" అని పెద్ద శిష్యుడు నవీన్ చెప్పి వెళ్లాడు.

ఆమె పక్కింట్లో ఉండే నన్ను పిలిచింది. నేను పలుగుతో రెండే దెబ్బలు వేశాను. భూకంపమనుకుని సంగారెడ్డి దాకా జనం బయటికి పరుగెత్తారు. గుంటలో మాత్రం గీత పడలేదు. నా నడుము పట్టేసింది.

"నోటికున్న బలం చేతులకు లేదు గదరా నీకు" అంటూ మొగులమ్మ కొంగు దోపుకుని తానే దిగింది. గడ్డలు పగలగొట్టి, పండుగనాటికి మట్టిని పిండిలా చేసింది.

నవీన్ మరికొందరితో వచ్చాడు. పిడికెడు మట్టి తీసి నుదుటికి రాసుకున్నాడు. "వెన్న లెక్కున్నది! ఎవలు తవ్విండ్రు?"

"నేనే" అన్నాను ఛాతీ విరిచి.

"నువ్వా? చాయ్ గిలాస లేపనీకే నీకు ఇంకో మనిషి గావాలె!"

అందరూ నవ్వారు. మొగులమ్మ నవ్వలేదు. "ఆయన మట్టి ముంగట అబద్ధమెందుకు? నేనే తవ్విన."

నవీన్ నుదురు తుడుచుకున్నాడు. "గట్లెట్ల దిగినవ్ పెద్దమ్మా? మైలపడ్డది గద! ఉస్తాద్ ఉంటే ఒప్పుకుంటుండెనా?"

"మీరొచ్చి తవ్వుతే నేనెందుకు దిగుదు బిడ్డా?"

నవీన్ మిగతా శిష్యులకు సైగ చేశాడు. ఉస్తాద్ వస్తువులు మైలలో ఉండకూడదంటూ గోడ మీది ఫొటో, మూల నిలబెట్టిన కర్ర గదలు ఆటోలోకి చేర్చారు. పక్క ఊరి తాలీంలో భద్రంగా ఉంచుతారట.

"మట్టి గూడ తీస్కపోండ్రి. ఆయన చెమటంత అండ్లనే ఉన్నది" అందామె.

దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆటో సందు దాటేదాకా చూసి, నావైపు తిరిగింది. "ముందుగది కిరాయికున్నదని జెర నలుగురికి చెప్పు కొడుకా."