కోత పండుగకు తెచ్చిన ఉప్పునీళ్లు

మా మెదక్ చర్చిలో కోత పండుగకు ఎవరి పంట వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు. నాకు పొలం లేదు. విశాఖలో సముద్రజీవుల మీద పని చేస్తాను. అందుకని ఆ ఏడు నా పంటగా ఒక సీసాడు సముద్రపు నీళ్లు తెచ్చాను. అందులో సూదిమొనంత జీవులు తుర్రుమంటూ ఈదుతున్నాయి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ల్యాబులో "మీకు సముద్రమే లేదు కదండీ, ఇంక ఇక్కడేం పని?" అని నవ్వేవాళ్లు. భోజనానికి ముందు ప్రార్థనకు నేను కళ్లు మూసుకుంటే ఆ నవ్వు ఇంకాస్త పెరిగేది. బైబిల్ సృష్టి కథలో నీళ్లలో ప్రాణం కదిలిన చోటుకు వస్తే నాకు మైక్రోస్కోపు గుర్తొస్తుందని అక్కడ చెప్పలేను, ఇక్కడా చెప్పలేను. ఇక్కడైతే "కోతి నుంచి మనిషి పుట్టిండని నువ్వు గూడ అంటవా?" అని నిలదీస్తారు. ఒక్కరైనా ఈ సీసాను కానుక అనుకుంటే చాలనిపించింది. రాస్తారోకోతో బస్సు తూప్రాన్‌లో ఆగిపోతే, సీసాను ఒళ్లో పెట్టుకుని ఆటోలు మారుతూ వచ్చాను.

హర్రాజులో గుమ్మడికాయలకు పోటీ పడ్డారు. చివరికి సంఘపెద్ద సీసాను ఎత్తి చూపించాడు.

"గీ నీళ్లు ఎవరికి గావాలె?"

అందరూ నవ్వారు. నేనే చెయ్యెత్తాను.

"దేవునికిచ్చింది మళ్ల నువ్వే ఎట్ల తీస్కుంటవ్ బిడ్డా? గట్ల కుదరదు" అని దాన్ని కిటికీలో పెట్టేశాడు. విందుకు ఆగకుండా వచ్చేశాను. కోపంతో ఉడికిపోయాను, తర్వాత ఏడ్చాను కూడా.

ఈస్టర్‌కు మళ్లీ వెళ్తే సీసా అదే కిటికీలో ఉంది, మూతికి నేను కట్టిన గుడ్డతో సహా. నీళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి. ఈపాటికి ఆవిరై సగమైనా తగ్గాలి. చర్చి ఊడ్చే అవ్వ నా వెనకే వచ్చి నిలబడింది.

"తగ్గినప్పుడల్ల బోరు నీళ్లు పోసిన బిడ్డా."

సముద్రపు పురుగులు మంచినీళ్లలో బతకవు. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అవి సచ్చిపోయి శాన దినాలైంటది అవ్వా."

"ఎరికే. మెదులుతలేవని ఎప్పుడో సూసిన."

"మరెందుకు పోసినవ్?"

"నువ్వొచ్చి సూస్తవు గద. ఉత్త సీసా కనబడితే నీ పానం ఎట్లనో అయితదని."