షార్త్రలో తప్పిన రైలు

ఇరవై మూడేళ్ల వయసులో ఈ భూమ్మీద నాకు తెలియని విషయం లేదు. ఆ వయసులో అందరికీ అంతేనేమో గానీ నాకు మాత్రం కాస్త ఎక్కువే. మదనపల్లెలో డిగ్రీ పూర్తిచేసి, కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఎగుమతి గుమాస్తాగా చేరి నాలుగు నెలలు కూడా కాలేదు, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని పెళ్లిళ్లకు కూడా పోయేవాణ్ణి (భోజనాల దగ్గరైనా తీసెయ్ నాయనా అని మా అమ్మ బతిమాలేది). నిజానికి ఆ ఉద్యోగం ఇంకా నాది కాలేదు. ఆరు నెలలు చూస్తాను, పనికొస్తే ఉంచుకుంటాను, లేకపోతే ఇంటికి పంపిస్తాను అని ఓనరు ముందే చెప్పేశాడు. ఇంటికి పోతే మా నాన్న టమోటా మండీ నోరు తెరుచుకుని ఉంటుంది. తెల్లారకముందే లేచి క్రేట్ల మధ్య నిలబడి వేలంపాట అరవడం తలుచుకుని నేను రోజూ ఆఫీసుకు అరగంట ముందే పోయేవాణ్ణి.

ఆ ఉద్యోగం ఇప్పించింది మా నీళ్ల మామ. అమ్మకు వరసకు తమ్ముడు, పుంగనూరు దగ్గరి పల్లె. మా ఫ్యాక్టరీ క్వారీలో ఏ రాయి మంచిదో, దేంట్లో పగులుందో తేల్చే మేస్త్రి ఆయనే. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా ఉంటుంది, అందుకే ఆ పేరు. దుమ్ము పట్టిన రాయి మీద నీళ్లు పోసి, అరచేత్తో తుడిచి, ఎదురుగా గొంతుక్కూర్చుంటాడు. రాయంతా ఆరిపోయాక కూడా ఎక్కడైనా సన్నని తడి గీత మిగిలిందంటే అక్కడ పగులున్నట్టు. ఆ సంవత్సరం మేం పంపిన రాయికి పగుళ్లున్నాయని పారిస్‌లోని ఒక పెద్ద వ్యాపారి పేచీ పెట్టాడు. ఓనరు నేరుగా మామనే వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఇంగ్లీషు మాట్లాడటానికి నన్ను తీసుకెళ్లాడు. (నా ఇంగ్లీషు ఉత్తరాలకు బ్రహ్మాండంగా పనికొచ్చేది. ఎదుటి మనిషి నోరు తెరిస్తే మాత్రం ‘ఎస్ సార్’ దగ్గరే ఆగిపోయేది.)

వ్యాపారితో మాటలు సాయంత్రం ఐదింటికి. పొద్దుటి నుంచీ ఖాళీ. హోటల్లో గోడకు తగిలించిన పెద్ద ఫోటో ముందు మామ నిలబడిపోయాడు. ఒకదానికొకటి పొంతన లేని రెండు శిఖరాలతో, మొత్తం రాయితో కట్టిన చర్చి. షార్త్ర అనే పాత ఊళ్లోదట, రైల్లో గంటకు పైన ప్రయాణం. ఇరవై ఏళ్ల కొలువులో నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, మొదటిసారి ఓనరును అడిగాడు. ఆ రాతిగుడి ఒక్కటి చూసి వస్తానన్నాడు. ఓనరు కాదనలేకపోయాడు. నన్ను మాత్రం పక్కకు పిలిచాడు.

“మూడుగంటల బండికి ఆయప్పను ఎక్కించే పూచీ నీది. ఐదింటికి ఆయప్ప ఈడ లేకపోతే నాకు మాట్లాడేదానికి నోరుండదు. నీకు ఉద్యోగం ఉండదు.”

సీసాలో నీళ్లు, సంచిలో మా అత్త చేసిచ్చిన నిప్పట్లు, నా జేబులో రెండు టిక్కెట్లు. రైలు గోధుమ చేల మధ్య పోతోంది. ఊరు కనబడకముందే దూరంగా ఆ రెండు శిఖరాలు కనబడ్డాయి. మామ నిప్పట్టు నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. తీరా గుడి గడప దగ్గరికి వచ్చేసరికి బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఇక్కడ విప్పనక్కర్లేదు మామా అని నేను లోకజ్ఞానం ప్రదర్శించాను. గుడి గుడే గదరా అని ఆయన లోపలికి నడిచాడు. నీలం అద్దాల గుండా దిగే ఆ వెలుగు చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మామ తల కూడా ఎత్తలేదు. ఒక స్తంభం పక్కన గొంతుక్కూర్చుని, నేను అర్థం చేసుకునేలోపు సీసా మూత తీసి, నేల మీది బండపై నీళ్లు పోసి, అరచేత్తో తుడవడం మొదలుపెట్టాడు.

గుడి కాపలా చూసే పెద్దావిడ పరుగు లాంటి నడకతో వచ్చింది. ఆమె ఏమంటోందో భాష రాకపోయినా బాగానే అర్థమైంది. నేను భయంతో ‘మెర్సీ మేడమ్, మెర్సీ మేడమ్’ అన్నాను. (అది థాంక్సు అని తెలుసు. నోటికి అదొక్కటే వచ్చింది.) నా కొత్త మఫ్లరు తీసి నేల తుడుస్తున్నాను. మామ తొణకలేదు, బెణకలేదు. నీళ్లు గుమ్మం వైపు సన్నగా పారుతున్నాయి, ఆయన వేలితో వాటినే చూపించాడు. ఆమె చూసింది, కోపం తగ్గింది, లోపలికెళ్లి ఇంగ్లీషు తెలిసిన ముసలాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన ఆ గుడిలో రాళ్లకు మరమ్మతులు చేసే మేస్త్రి. పాతకాలంలో కాలినడకన వచ్చే భక్తులు రాత్రిళ్లు ఇక్కడే పడుకునేవాళ్లట, పొద్దున్నే నేల కడిగితే నీళ్లు బయటికి పోవడానికని వాలుగా వేశారని పెద్దలు చెబుతారట. నేను తెలుగులో చెప్పేసరికి మామ మొహం విప్పారింది. పోయీపోయీ మనుషుల్ని నిద్రపుచ్చే గుడికి వచ్చినామే అని సంబరపడ్డాడు.

ఆ ఇద్దరు మేస్త్రులకు ఆ తర్వాత నాతో పనిలేకపోయింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, స్తంభాలను తట్టుకుంటూ, చెరొక భాషలో మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. ఒంటిగంట దాటింది, బోలెడు టైముంది. ఫోను మోగకుండా చెయ్యమని బోర్డుంది కాబట్టి (నేను చదువుకున్నవాణ్ణి కదా) మోగకుండా చేసి, అక్కడి గడ్డి అల్లిక కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చుందామనుకున్నాను. వ్యాపారితో మాటల్లో తప్పు దొర్లుతుందేమోనని మూడు రాత్రులుగా నాకు కంటి మీద కునుకు లేదు. ఎప్పుడు ఒరిగానో తెలియదు, కళ్లు తెరిచేసరికి పక్క కుర్చీ మీద నా తల, నా మీద మామ కోటు, నాకు గాలి తగలకుండా అడ్డంగా కూర్చున్న మామ. టైము నాలుగున్నర. ఫోనులో ఓనరు నుంచి పదకొండు కాల్స్.

నాకు ఏడుపు వచ్చేసింది. ఎందుకు లేపలేదని మామ మీద ఎగిరాను.

“పండుకునే గుడిలో పండుకున్నోణ్ణి యాల లేపాల?” అన్నాడు మామ. “మూడు దినాల్నుంచి నువ్వు కన్ను మూయలే. నేను సూస్తానే ఉండా.”

దారంతా అబద్ధాలు అల్లుకున్నాను. రైళ్లు ఆగిపోయాయనో, నాకు జ్వరమనో, ఏది అతుకుతుందో లెక్క వేసుకుంటూ హోటల్ చేరేసరికి రాత్రి కావస్తోంది. వ్యాపారి గంటసేపు చూసి వెళ్లిపోయాడట, పొద్దున ఇంకొక్కసారి వస్తానన్నాడట. ఓనరు కుర్చీలోంచి లేవకుండా నా వైపు చూశాడు. మండీలో టమోటా క్రేట్లు నాకు వరసగా కనబడ్డాయి. నేను నోరు తెరిచేలోపే మామ ముందుకొచ్చాడు.

“పిల్లోడు పిలస్తానే ఉండె. రాయి కాడ నేనే మైమరిసి నిలబడిపోయినా. అనేదుంటే నన్ను అనప్పా.”

ఓనరు ఆయన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. సరే, అన్నం తినండి అని మాత్రం అన్నాడు. నేను తల వంచుకున్నాను. అది నిజం కాదు అని చెప్పడానికి నాకు అరక్షణం చాలు, ఆ అరక్షణం నేను నోరు మూసుకున్నాను. మర్నాడు వ్యాపారి గోదాములో మామ నీళ్లు పోసి, అరగంట గొంతుక్కూర్చుని, అవి పగుళ్లు కావు, రాయిలో పుట్టిన గీతలని తేల్చి చూపించాడు. ఆర్డరు నిలిచింది. రెండు నెలలకు నా ఉద్యోగమూ నిలిచింది.

మొన్న మామ పని మానుకుంటున్నాడని ఫ్యాక్టరీలో శాలువా కప్పారు. ఇప్పుడు మేనేజరును కాబట్టి మైకు నా చేతికిచ్చారు. ఏవో నాలుగు మంచి మాటలు రాసుకెళ్లాను గానీ, ఆయన మొహం చూడగానే అవన్నీ పోయి, ఆ రోజు నిద్రపోయింది నేనేనని అందరి ముందూ చెప్పేశాను. మా ఇంట్లో మేం తింటున్న అన్నం ఆ అబద్ధం పెట్టిందే అన్నాను. మామ శాలువా సర్దుకుంటూ, గుడిలో ఆడలే గదా, హోటల్లో ఆడినా, దోసమేమీ లేదు అన్నాడు. జనం నవ్వారు. నేను దిగి వచ్చి ఓనరు పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ దాచినందుకు క్షమించమని అడిగాను. ఆయన నా వైపు తిరగను కూడా లేదు.

“ఆ దినం నీ ఎడమ చెంప నిండా గడ్డి అల్లిక అచ్చు పడి ఉండె,” అన్నాడు మెల్లగా. “మేలుకోనుండేవాని మొగాన అట్లా అచ్చు పడతాదా?”

అబద్ధమాడి ఒకరు, నమ్మినట్టు నటించి ఇంకొకరు, ఇద్దరు పెద్దమనుషులు ఆ రోజు నా ఎదుటే నన్ను కాపాడారు. అచ్చు పడ్డ ఆ చెంపతోనే వాళ్ల మధ్య నిలబడ్డ కుర్రాడు మాత్రం, తాను తల వంచుకున్న తీరు చూసే ఓనరు ఆ అబద్ధం నమ్మేశాడని ఇన్నేళ్లూ గట్టిగా నమ్మాడు.