అనిత కథకు ఊ కొట్టిందెవరు?

ఇందులో ప్రతి మాటా నిజం. ఇరవై ఏళ్లు సుద్దముక్క పట్టిన చేతి మీద ఒట్టు. నేనేం చెప్పినా సగం తీసేసి నమ్మే మా స్టాఫ్‌రూమ్ మిత్రులు ఈసారి మొత్తం నమ్మాలి. దయ్యాల కథలు చెప్పి పిల్లల్ని బెదరగొట్టానే గానీ, దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు.

క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులు. వడ్డేపల్లి దగ్గర ఒక ఊళ్లో ఏడో తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. పిల్లలు తమ ఇంటి కథలు చెబితే టేపురికార్డర్లో పట్టి, క్లాసులో అందరికీ వినిపించేవాణ్ణి.

అనిత మాత్రం నోరు విప్పేది కాదు. తల్లిలేని ఆ పిల్లను సాకిన అవ్వ ఆ ఎండాకాలమే పోయింది. ఒకరోజు తండ్రి నర్సింహులు బడికొచ్చాడు.

"మాట్లాడని పిల్లకు సదువెందుకు సార్? సీడుపత్తి చేన్లకు కూలికి తోల్కపోత."

"రెండు రోజులాగు. మాట్లాడిస్తాను."

"మీరు గోడల్ని గూడ నవ్విస్తరంట గద. సూద్దాం."

మరునాడు మధ్యాహ్నం అనితను ఖాళీ గదిలో టేపురికార్డర్ ముందు కూర్చోబెట్టి, బటన్ నొక్కి, తలుపు దగ్గరికేసి గుమ్మం ముందే నిలబడ్డాను. బయట ముసురు. ఆ సన్నటి చప్పుడుకు నిలబడే కళ్లు మూతలు పడుతున్నాయి.

తర్వాత ఇద్దరం కూర్చుని విన్నాం. అవ్వ కొత్తపెళ్లికూతురుగా గుండ్రటి పుట్టిలో కృష్ణ దాటిన కథ. ఒడిలో కోడి, చుట్టూ నీళ్లు, నీళ్లలో మబ్బులు. పుట్టి గిర్రున తిరుగుతుంటే ఏ ఒడ్డు చూసినా అమ్మగారింటి ఒడ్డులాగే కనబడిందట.

ప్రతి మాట చివరా ఎవరో "ఊ" కొడుతున్నారు. ముసలి గొంతు. ఒకచోట అనిత కథ మరిచి ఆగిపోయింది. టేపులో ముసురు చప్పుడొక్కటే. అప్పుడు మెల్లగా "ఊ...", ఆ వెనకే చిన్న దగ్గు. అనిత మళ్లీ అందుకుంది.

"లోపల ఎవరున్నారమ్మా?"

"మా అవ్వనే గద సార్ ఊ కొట్టింది. మీకు ఇనరాలేదా?"

సాయంత్రం నర్సింహులును పిలిపించి వినిపించాను. "చుట్ట తాగేటోళ్ల దగ్గు. మా అమ్మదే" అని, మళ్లీ పెట్టమన్నాడు. విన్నాక రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇగ పిల్ల బడికే వస్తది సార్" అన్నాడు.

క్యాసెట్ కొత్తది, కవరు నేనే చించాను. గదికి ఒకటే తలుపు. ఆ గొంతు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒట్టు పెట్టాను కనుక ఒప్పుకుంటున్నాను. ఒక్కటి కల్పించాను: నర్సింహులు చివర అన్న మాట. పిల్ల బడికొస్తుందని అతను అనలేదు. క్యాసెట్ అడిగి జేబులో వేసుకున్నాడు. మరునాడు పొద్దున్నే అనితను పత్తి చేల ఆటో ఎక్కించాడు.