బాతును కొట్టినవాడు

పారిస్‌లో బెల్‌విల్ గుట్ట మీద ఆంతెల్మ్ రూషే కాల్చిన రొట్టె తినని ఇల్లు లేదు. అతణ్ణి క్షమించిన పిల్లాడూ లేడు.

కారణం ఒక సినిమా. ఆంతెల్మ్ చిన్నప్పుడు లవో గారనే ఆయన కెమెరా మోసుకుంటూ ఆ గుట్ట ఎక్కాడు. వీధి పిల్లల్నే పోగుచేసి అరగంట బొమ్మ తీశాడు. ఒక ఒంటరి పిల్లవాడు, వాడి వెంట బడిదాకా నడిచొచ్చే తెల్ల బాతు. చివర్లో అల్లరిమూక ఆ ఇద్దరినీ తరుముతుంది. టోపీ పెట్టుకున్న కుర్రాడు ఉండేలు గురిపెట్టి కొడతాడు. బాతు కాలువలో పడుతుంది. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాడు. ఆ టోపీ కుర్రాడే ఆంతెల్మ్.

బొమ్మ దేశాలు తిరిగింది. పెద్దవాళ్లు అందులో యుద్ధం ఉందన్నారు, స్వేచ్ఛ ఉందన్నారు. పిల్లలు మాత్రం ఎక్కడైనా ఒకేలా ఏడ్చారు. మొదటి ఆట నాటి కన్నీళ్లకు కాలువ పొంగిందనీ, పడవలవాళ్లు అదనంగా తాళ్లు కట్టుకున్నారనీ గుట్ట మీద ఇప్పటికీ చెబుతారు. తమ వీధిలో తీసింది కదా, బడిలో ప్రతి శీతాకాలం చిన్న తరగతికి చూపిస్తారు. మర్నాడు రొట్టెకొచ్చిన పిల్లలు చిల్లర బల్ల మీద విసిరేసి, "క్వాక్!" అని అరిచి పారిపోతారు.

ఇన్నేళ్లూ ఆంతెల్మ్ నవ్వేసి ఊరుకున్నాడు. ఈ ఏడు నవ్వు రాలేదు. మనవరాలు సోలాంజ్ చిన్న తరగతికి వచ్చింది.

రోజూ బడికి పోతూ కొట్లో ఆగి, వేడి రొట్టె కొస విరిపించుకుని, నములుతూ పోవడం ఆ పిల్లకు అలవాటు. ఆంతెల్మ్‌కి అసలు తెల్లవారేది అప్పుడే.

"ముందే చెప్పెయ్యవయ్యా," అంది పక్క చేపల కొట్టు తిబూ మామ్మ.

"ఏమని చెప్పను?"

"దుర్మార్గుణ్ణే గానీ రొట్టెలు బాగా కాలుస్తానని!"

రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే బడిలో తెర కట్టేశారు.

మర్నాడు సోలాంజ్ వచ్చింది. "క్వాక్" అనలేదు. తాత కొస విరిచి చాపితే అందుకోలేదు.

"తాతా, అది నువ్వేనా?"

"నేనే బంగారూ. నేను కొట్టింది గడ్డి కూరిన బాతునమ్మా. నిజం బాతు లవో గారింట్లో తినీ తినీ ముసలిదై పోయింది."

"కొట్టమని ఎవరు చెప్పారు?"

"లవో గారు."

"మరి నవ్వమని?"

నవ్వమని ఎవరూ చెప్పలేదు. "టోపీ తీసి తల దించుకోరా నాయనా," అన్నాడు ఆ రోజు లవో గారు. కానీ నీళ్లలో బాతు పడ్డ చప్పుడుకి ఆంతెల్మ్‌కి నవ్వు తన్నుకొచ్చింది. ఎంత బిగబట్టినా ఆగలేదు. ఆయన కోప్పడలేదు. చలికి వణుకుతున్నవాడికి తన కోటు విప్పి కప్పాడు. బతికినన్నాళ్లూ ఆ కొట్లోనే రొట్టె కొన్నాడు. కొన్నప్పుడల్లా, "నీ నవ్వు కత్తిరించెయ్యాల్సిందిరా. పిల్లాడివి, ఆ చెడ్డపేరు నీ మీద పెట్టేశాను," అని నొచ్చుకునేవాడు.

సోలాంజ్ కళ్లార్పకుండా చూస్తోంది. తాత చేతిలో కొస చల్లారిపోతోంది.

"అదీ ఆయనే చెప్పాడు," అన్నాడు ఆంతెల్మ్.

పిల్ల మొహం వెలిగిపోయింది. "నేను చెప్పానుగా వాళ్లకి, మా తాత అలాంటోడు కాదని!" కొస లాక్కుని నోట్లో కుక్కుకుంది. నములుతూనే స్టూలెక్కి, గోడ మీది ఫొటో చూసింది. వీధి పిల్లల మధ్య కోటు వేసుకుని నిలబడ్డ లవో గారు.

"ఈయనేనా? ఛీ, చెడ్డ ముసలోడు!" అని ఫొటోను గోడవైపు తిప్పేసి, బడికి పరుగెత్తింది.

ఆ సాయంత్రం కొట్లోకి వచ్చిన పిల్లల్లో ఒక్కరూ "క్వాక్" అనలేదు. పైగా మాకూ కొస, మాకూ కొస అని చేతులు చాపారు. ఆంతెల్మ్ అందరికీ విరిచి ఇచ్చాడు. వాళ్లు వెళ్లాక ఫొటో తిప్పబోయి, రేపు పొద్దున సోలాంజ్ వస్తుందని గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాడు.

"ఏమయ్యా, ఆ మహానుభావుణ్ణి గోడకేసి నిలబెట్టావేం?" అంది రొట్టెకొచ్చిన తిబూ మామ్మ.

"మేకు వదులైంది," అన్నాడు ఆంతెల్మ్, రొట్టెకు కాగితం చుడుతూ, ఆవిడ వైపు చూడకుండా.