మొదటి అరటిపండు

జూలో కోతుల కీపర్‌ని తోటివాళ్ళంతా బాబాయ్ అని పిలుస్తారు. ఆయనకి రెండే వ్యసనాలు. ఒకటి కాఫీ, రెండు ఇతరుల సంసారాల్లో తల దూర్చడం. ఇతరులంటే కోతులే లెండి. ఏది దేని చెల్లెలు, ఏది దేని మీద అలిగింది, ఎవరి వీపు మీద ఎవరు పేలు చూస్తున్నారు అని ఇనప జాలీ ముందు కూర్చున్నాడంటే ఆయనకి ఆకలి కూడా గుర్తుండదు.

ఆ గుంపులో పెత్తనం పెద్దమ్మది. ముసలిదే కానీ, అది కనుబొమ్మ ఎగరేస్తే చాలు, మిగతావన్నీ పక్కకి తప్పుకునేవి. బాబాయ్ కూడా ఆ మర్యాద తప్పేవాడు కాదు. మొదటి అరటిపండు ఎప్పుడూ దాని చేతికే. అలాంటిదానికి పన్ను పుచ్చి దవడ వాచి, ఆపరేషనై చాన్నాళ్ళు విడిగా ఉండాల్సి వచ్చింది. ఈలోగా పెద్దమ్మ కూర్చునే ఎత్తు గట్టు మీద చిన్నమ్మ అనే పడుచు కోతి తిష్ఠ వేసింది.

పెద్దమ్మని మళ్ళీ గుంపులోకి వదిలిన రోజు బాబాయ్ సంబరం అంతా ఇంతా కాదు. అందరూ చూస్తుండగా మొదటి పండు దానికే అందించాడు. చిన్నమ్మ కళ్ళురిమి చూసింది. అంతే, దాని చెల్లెళ్ళన్నీ కలిసి ముసలిదాని మీద పడ్డాయి. నీళ్ళ గొట్టంతో విడదీసేసరికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. పెద్దమ్మ చెవి చిరిగింది.

"ఇంకొక్కసారి చూద్దాం బాబాయ్," అంది డాక్టరమ్మ, చెవికి కుట్లు వేస్తూ. "అప్పుడూ ఇలాగే అయితే దీన్ని ఒంటరిగా ఉంచెయ్యాలి. బతికినన్నాళ్ళూ అంతే."

విడి గదిలో పెద్దమ్మ తన చేతి వెంట్రుకలు తనే పీక్కుంటోంది. చూస్తే బాబాయ్‌కి ఏడుపొచ్చింది.

ఇంటికి వెళ్ళి, బఠాణీలు ఒలుస్తున్న భార్యతో చెప్పుకున్నాడు.

"పెద్దరికానికి విలువిచ్చాను. అందులో తప్పేముంది?"

"నేను మోకాలి ఆపరేషనయ్యి ఇంటికొచ్చిన రోజు కూడా ఇలాగే విలువిచ్చారు," అంది ఆవిడ, వంటింట్లో ఉన్న కోడలికి వినపడకుండా. "కూరేం చెయ్యను మామయ్యా అని ఆ పిల్ల అడిగితే, 'మీ అత్తయ్య వచ్చేసిందిగా, ఇక అన్నీ ఆవిణ్ణే అడుగు' అన్నారు."

"నీకోసమేగా అన్నాను."

"నాకోసమే. ఆ తర్వాత గిన్నెల చప్పుళ్ళు విన్నదీ నేనే. అన్నాళ్ళు ఇల్లు మోసిన పిల్ల మొహం ఎలా అయిపోయిందో చూశారా? అసలు నాకా పెత్తనం కావాలో వద్దో అడిగారా?"

కోతుల మొహాలన్నీ చదివే మనిషికి ఇంట్లో ఇంత జరిగిందని తెలియనే లేదు.

రెండోసారి వదిలినప్పుడు మొదటి పండు చిన్నమ్మకి ఇచ్చాడు. ఇస్తూ పెద్దమ్మ వైపు చూడలేకపోయాడు. చిన్నమ్మ తాపీగా తిని, తొక్క పారేసి, గోడవారగా ముడుచుకున్న ముసలిదాని దగ్గరికి నడిచింది. బాబాయ్ గొట్టం బిగించి పట్టుకున్నాడు. చిన్నమ్మ కొట్టలేదు, గుర్రుమనలేదు. దానికి వీపు తిప్పి కూర్చుంది.

పెద్దమ్మ అటు చూసింది, ఇటు చూసింది. చివరికి చెయ్యి చాచి, ఆ వీపు మీది వెంట్రుకలు పాయలు తీసి పేలు చూడటం మొదలుపెట్టింది. మిగతావన్నీ తిండి మీద పడ్డాయి.

"గట్టెక్కింది బాబాయ్," అంది డాక్టరమ్మ.

ఆయనకి గుండె తేలికపడింది. పెద్దమ్మ చిన్నదైపోయిందన్న బాధ మాత్రం మిగిలింది. ఆ బాధ దాని మొహంలోనూ ఉంటుందని వెతికాడు. కనపడలేదు. కళ్ళు సగం మూసి, పెదాలు చప్పరిస్తూ అది తన పనిలో తానుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య కుర్చీలో ఉంది, కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద. అత్తగారు జుట్టు చిక్కు తీస్తుంటే ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. వీళ్ళలో ముందు మెత్తబడ్డదెవరు? ఎప్పుడు? తను డ్యూటీలో ఉన్నప్పుడా? అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే ఇద్దరూ కలిసి తన మీద పడతారని, చప్పుడు కాకుండా చెప్పులు విప్పి, కాస్త దూరంగా కూర్చుని చూడసాగాడు.